తిరగేసిన కమాను

ఏసుపాదం లారీ కొన్న రోజు నుంచీ వాడి బావ సామ్యేలుకి అన్నం సయించడం లేదు. పద్దెనిమిదేళ్లు గుడివాడ మిల్లువారి లారీకి స్టీరింగు తిప్పినవాడు సామ్యేలు. బావమరిదికి గేరు వెయ్యడం నేర్పిందీ అతనే. సొంత లారీ మాత్రం వాడికొచ్చింది. మిలిటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న పాత బండే అనుకోండి, అయినా ముందు రేకు మీద ‘ప్రభువు దయ’ అని పచ్చరంగుతో రాయించాడు. ఆ దయ తన గుమ్మం దాటి పక్కింటికి ఎందుకు వెళ్లిందో సామ్యేలుకి ఎంతకీ బోధపడలేదు.

పైగా ఇంట్లో భార్య అన్నమ్మ ఒకతి. "మా తమ్ముడు" అనకుండా ఆవిడకి పూట గడవదు. కొర్రమీను వండితే నడిమి ముక్కలు తమ్ముడింటికి వెళ్తాయి, తోక మొగుడి కంచంలో పడుతుంది.

ఆ శనివారం లారీ వెనక కుడి చక్రం మీద బరువు మోసే కమాను విరిగింది. కోడూరు రోడ్డు గుంటల్లో బస్తాలు మోసీ మోసీ దాని ఇనప పట్టీలు మూడు పుటుక్కుమన్నాయి. మర్నాడు కోతల పండగ. చర్చి సంఘం వాళ్లంతా వరి పనలు పట్టుకుని ఆ లారీలోనే అవనిగడ్డ గుడికి వెళ్లాలి. గుడివాడ మేస్త్రీని పిలిపించే వ్యవధి లేదు. ఏసుపాదం ఎక్కడో ఒక పాత కమాను సంపాదించి ఇంటి దొడ్లోనే పని మొదలెట్టాడు. బండి కింద తాటిమొద్దులు పేర్చి, జాకీతో ఎత్తి, తుప్పు పట్టిన బోల్టులకి కిరసనాయిలు పోసి కుస్తీ పట్టాడు.

సామ్యేలు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ చూశాడు. ఒళ్లు కదపలేదు. కమాను విరిగిందని విన్నప్పుడు తన కడుపు చల్లబడిన సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు, ప్రార్థనలో కూడా.

సాయంత్రం ఏసుపాదం పిలిచాడు. "బావా, ఒక్కసారి వచ్చి చూడవా? నీకు తెలిసినట్టు నాకేం తెలుసు?"

సామ్యేలు వంగి చూశాడు. ఒక్క చూపుకే తెలిసిపోయింది. ఆ బండి కమానుకి బోల్టు సరిగ్గా మధ్యలో ఉండదు. ఒక సగం పొట్టి, ఒక సగం పొడుగు. పొట్టి సగం ఇంజను వైపుకి రావాలి. వీడు తిరగేసి బిగించాడు. కుడి చక్రం రెండంగుళాలు వెనక్కి జరిగింది, బండి ఎండ్రకాయలా పక్కకి నడుస్తుంది.

ఒక్క మాట చాలు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే అన్నమ్మ మజ్జిగ తెచ్చి తమ్ముడి చేతికిచ్చి, పైటకొంగుతో వాడి నుదురు తుడిచింది.

"మేస్త్రీ పని ఒక్కడే చేసుకున్నాడు చూశారా! మా తమ్ముడి చేతిలో ఏదో ఉందండీ" అంటూ లోపలికి వెళ్లింది.

"బాగానే ఉంది" అన్నాడు సామ్యేలు.

రేపు వీడు నలుగురిలో నవ్వులపాలవ్వాలి, అప్పుడు తను దిగి సరిచెయ్యాలి. అతను కోరుకున్నది అంతే. ఆ లారీలో ఎవరెవరు ఎక్కుతారో ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున్నే నలభై మంది ఎక్కారు. వరి పనల మీద అన్నమ్మ, ఆవిడ ఒళ్లో ఎదురింటి బిడ్డ. పాస్టరు భూషణంగారు ప్రార్థన చేశారు. తమాషా చూడ్డానికి సామ్యేలు కిందే ఉండిపోయాడు. లారీ కదిలింది. నాలుగు బారలు వెళ్లేసరికి వెనక భాగం కుడివైపుకి లాగేసింది.

"ఏరా ఏసుపాదం, పండగ పూటే తాగావా?" అని ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు.

సామ్యేలు రాత్రంతా ఎదురుచూసిన నవ్వు అదే. కానీ లారీ అప్పటికే కాలవ గట్టు ఎక్కుతోంది. కాలవ కుడివైపునే ఉంది.

"ఆపరా! ఆపు!" పంచె ఊడిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తి లారీకి అడ్డం నిలబడ్డాడు. "కమాను తిరగేసి వేశావురా! పొట్టి సగం ముందుకి రావాలి!"

లారీ ఆగింది. పైనుంచి అన్నమ్మ అడిగింది. "నిన్న చూశారుగా మీరు?"

సామ్యేలు తల వంచుకుని పంచె బిగించుకున్నాడు. ఏసుపాదం కిందికి దిగి బావ మొహంలోకి చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"బావ నిన్ననే చెప్పాడక్కా. పొద్దుపోయిందని నేనే విన్లేదు."

"అదండీ, పద్దెనిమిదేళ్ల అనుభవం! మా ఆయన కాబట్టి సరిపోయింది" అంది అన్నమ్మ అందరికీ వినపడేలా. భూషణంగారు కూడా భుజం తట్టారు. ఆ మాట కోసం సామ్యేలు ఎన్ని నెలలు మొహం వాచిపోయాడో!

ఇద్దరూ లారీ కిందికి దూరారు. లారీ వాడిదే, అక్క మురిపెమూ వాడిదే. మంచితనమైనా తన వైపు మిగిలిందని ఇన్నాళ్లూ అనుకున్నాడు సామ్యేలు. ఇప్పుడు అదీ వాడిదే అయింది.

"ఆ పానా ఇలా ఇవ్వు" అన్నాడు, వాడి మొహం చూడకుండా.