థార్‌బీ పాము తోక

థార్‌బీ చర్చి తలుపు పైరాతి మీద మెలికలు తిరిగిన పాము ఒకటుంది. దాన్ని ఫ్రాన్సు నుంచి నార్మన్లు ఇంగ్లండు మీదికి దండెత్తి రాకముందే, వెయ్యిన్నీ ఇరవైలో, వైకింగులు చెక్కారని డాక్టర్ గార్‌సైడ్ నలభై ఏళ్ళ క్రితం పుస్తకం రాశాడు. ఆ ఒక్క పుస్తకాన్ని చూసుకునే ఇన్నాళ్ళూ మిడిసిపడ్డాడు మహానుభావుడు. చర్చి కట్టింది నార్మన్లు, అంతకంటే వందేళ్ళు పాతదైన రాయికి ఇక్కడేం పని అంటూ, ఇప్పుడు దాన్ని ఊడబీకి పట్నం మ్యూజియంలో తన పేరున్న అద్దాలపెట్టెలో పెట్టిస్తానంటున్నాడు. అనుమతి కాగితం మీద పాస్టరు క్లెమెంట్ సంతకం పెట్టడమే తరువాయి.

ఊడదీసే పనికి ఎనిడ్ సగ్డెన్‌ని పిలిచారు. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల చర్చిల రాళ్ళు బాగుచేస్తున్న మనిషి. ఆమె పెళ్ళికూతురై నడిచిందీ, తల్లి శవపేటిక మోయించిందీ ఆ పాము కిందనుంచే. అది ఊరు దాటిపోతుందంటే ఆమెకు కడుపు మండిపోతోంది. అయినా ముందు రాయి చూడాలని నిచ్చెనెక్కింది.

"మెల్లగా అమ్మాయ్. అది నీ వంటింటి గట్టు కాదు," అన్నాడు కింద పాస్టరు పక్కన నిలబడ్డ గార్‌సైడ్.

"తమరి పుస్తకం చదివాన్లెండి. ఉలి పట్టిన చెయ్యి రాసినట్టు మాత్రం లేదు."

పాము తోక రాతి అంచు దగ్గర ఠక్కున ఆగిపోయింది. పక్కనున్న కమాను రాతి మీద సున్నం దట్టంగా ఉంది. మిగతా చోట్ల సున్నం పొరలు పొరలుగా పెచ్చులు కట్టింది. ఇక్కడ ఒకటే పూత, అంత పాతది కాదు. ఆమె తడిపి, చెక్కముక్కతో గీకింది. తోక బయటపడింది. కమాను మీద నార్మన్లు చెక్కించుకునే వంకరటింకర గీతల కిందనుంచి దూరి, మళ్ళీ పైకొచ్చి వాటినే చుట్టుకుంది.

"పామునీ గీతల్నీ చెక్కింది ఇద్దరు కాదు పాస్టరుగారూ, ఒక్కడే," అంది ఎనిడ్. "కొత్త నార్మన్ దొర అడిగిన గీతలూ, వైకింగు తాత నేర్పిన పామూ ఒకేసారి చెక్కాడు. పదకొండు వందల ముప్పై అనుకోండి. ఈ రాయి ఈ తలుపుదే."

"తోకని తర్వాతెప్పుడో ఎవరో చెక్కి ఉంటారు," అన్నాడు గార్‌సైడ్.

ఎనిడ్ కిందికి దిగి, గీకిన సున్నం పెచ్చు పాస్టరు అరచేతిలో పెట్టింది. అందులో నీలం వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది, నైలాను కుంచెది.

పాస్టరు గార్‌సైడ్ వైపు తల ఎత్తాడు. "పుస్తకం రాసే రోజుల్లో ఈ కమాను శుభ్రం చేసింది మీరే కదండీ?"

గార్‌సైడ్ గొణిగాడు. "తోక కనబడేసరికి పుస్తకం అప్పటికే అచ్చుకి వెళ్ళిపోయింది."

పాస్టరు సంతకం పెట్టని ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. ఎనిడ్ గార్‌సైడ్‌ని ఎగాదిగా చూసింది.

"నిచ్చెన పట్టుకోండి డాక్టరుగారూ. మీరు పూసింది ఇంకా గీకాలి."

ఆయన పట్టుకున్నాడు.