రెండో గీత

ఇస్త్రీ రోలరులోంచి పొగలు కక్కుతూ బయటికొచ్చిన దుప్పటికి ఒక కొస ఆమె పట్టుకుంది. రెండో కొస పట్టుకోవలసిన మొగుడు పట్టుకోలేదు. దుప్పటి జారి నేలమీద పడింది. కోప్పడబోయి తలెత్తిన ఆమెకి, ఎడమ దవడ నొక్కుకుంటూ బల్లకి ఆనుకుని నిలబడ్డ మనిషి కనిపించాడు.

“ఏమయ్యా, పన్ను నొప్పా?”

“కాదే. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూచున్నట్టుంది.”

ఆసుపత్రుల పక్కదుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే కార్ఖానా అది. రోగులు పడుకునే దుప్పట్లు పొద్దస్తమానం వాళ్ల చేతులమీదుగానే పోతాయి. పనివాడికి నడుం వాల్చడానికి మాత్రం అక్కడ జానెడు చోటు లేదు.

మేస్త్రీ వచ్చి చూశాడు. “గుండెనొప్పా? అయితే పద, గీత చూపించుకో” అన్నాడు.

గీత సంగతి తెలియనివాళ్లు అక్కడ లేరు. గుండెకి దెబ్బ తగిలితే దాని జాడ రక్తంలో కనిపిస్తుందట. వేలు పొడిచి ప్లాస్టిక్ బిళ్ల మీద చుక్క వేస్తే రెండో గీత పడుతుందట. యజమాని పెద్దాయన ఆ బిళ్లల పెట్టె కొనిచ్చి, అందరిచేతా చప్పట్లు కొట్టించుకున్నాడు. అప్పట్నుంచీ రెండు గీతలైతే ఆసుపత్రి, ఒకటైతే మళ్లీ రోలరు. బిళ్ల మంచిదే, పాపం దాన్ని అనడానికేం లేదు. ఒక గీతతో తిరిగొచ్చినవాణ్ణి ‘ఒంటిగీత’ అని ఏడిపించింది మాత్రం తోటి పనివాళ్లే. ఆమె కూడా పడీపడీ నవ్విన మనిషే.

కార్ఖానా మూల గదిలో ఉండే నర్సమ్మ చుక్క తీసింది. నలుగురూ ఆ బిళ్లనే చూస్తూ కూర్చున్నారు. ఒక్క గీతే పడింది.

“నొప్పి ఇప్పుడేగా మొదలైంది. ఇంత తొందరగా తేలదండీ” అంది నర్సమ్మ మేస్త్రీతో. “కొన్ని గంటలాగి మళ్లీ చూడాలి. అందాకా పడుకోబెడదాం, లేదా ఆసుపత్రికి పంపిద్దాం.”

“మనిషికి ఒక్క బిళ్లే అని పెద్దాయన చెప్పలేదూ? ఇవాళ ఇతన్ని పడుకోబెడితే రేపు అందరూ పడుకుంటారు.”

నర్సమ్మ బిళ్లల పెట్టె మూసేసింది. ఆ పెట్టెతోపాటు ఆవిణ్ణి పనిలో పెట్టుకున్నదీ పెద్దాయనే.

బయటికొచ్చాక మొగుడు నెమ్మదిగా అన్నాడు. “ఇంటికి పోదామే.”

“గీత పడలేదు కదయ్యా! పూట మధ్యలో పోతే కూలంతా కోసేస్తారు. కాస్త ఓర్చుకో.”

ఆ మాట ఆమే అంది. మేస్త్రీ అనిపించలేదు, పెద్దాయన అనిపించలేదు. తన నోటితో తనే అని, వీపు నిమిరి, దుప్పటి కొస అతని చేతిలో పెట్టింది.

“ఏరా ఒంటిగీతా, పెళ్లాం దగ్గర కూడా పప్పులుడకలేదా?” అని రోలరు అవతల్నుంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

మధ్యాహ్నానికి అతని చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. ఆ ఆవిరిలో చెమట పట్టనివాడెవడు? ఎవరూ పట్టించుకోలేదు. ఉన్నట్టుండి అతను మడతపెట్టిన దుప్పట్ల గుట్టమీదికి ఒరిగిపోయాడు.

నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. ఈసారి ఎవర్నీ అడగలేదు. అంబులెన్సుకి ఫోన్ చేసి, అక్కడే మోకాళ్ల మీద కూర్చుని వేలు పొడిచింది. రక్తం ఓ పట్టాన రాలేదు. పెళ్లామే అతని వేలు పిండిపిండి చుక్క రాల్చింది.

అంబులెన్సు ఇంకా రాలేదు. బిళ్ల మీద మొదటి గీత పక్కనే ఇంకో గీత ఎర్రగా తేలింది.

“ఎన్ని పడ్డాయే?” అన్నాడతను కళ్లు తెరవకుండానే.

“రెండు పడ్డాయయ్యా.”

“హమ్మయ్య. అయితే నాది నాటకం కాదుగా.”

అదే ఆఖరి మాట. అంబులెన్సు వచ్చేసరికి అతనికి దానితో పని లేకపోయింది. పాడు నోరు! పొద్దున ‘ఓర్చుకో’ అనకపోతే ఏం పోయేది? ఆమె తన నోటిమీద తనే కొట్టుకుంది.

మేస్త్రీ గొంతు తగ్గించి నర్సమ్మతో అన్నాడు. “పొద్దున చూశాం, ఏం లేదు. అడిగితే అంతవరకే చెప్పండి.” తర్వాత ఆమెవైపు తిరిగి చెయ్యి చాపాడు. “ఆ బిళ్ల ఇటివ్వమ్మా. పెద్దాయన నీకేదో ఒకటి చూస్తారులే. ఇంకా రేపట్నుంచి పనిలోకి రావాల్సినదానివి.”

బిళ్ల ఆమె చేతిలో ఉంది. పొద్దున అరిచినవాడు నేల చూపులు చూస్తున్నాడు.

“ఇవ్వను” అంది ఆమె.

“ఏం చేసుకుంటావే దాన్ని?”

ఏం చేసుకోవాలో ఆమెకీ తెలియదు. పిడికిలి మాత్రం విప్పలేదు. రోలరుని ఎవరూ ఆపలేదు. పట్టుకోవడానికి రెండు కొసల దగ్గరా మనుషులు లేక, తెల్లటి దుప్పట్లు ఒకదానిమీద ఒకటి నేలమీద పడుతున్నాయి.