సాలు చివర పడక

సంతోషకుమారి సాలు చివరికొచ్చి, ఒడిలోని మిరపకాయలు గోతంలో గుమ్మరించి, గట్టు మీద వెల్లకిలా పడుకుంది. రెండు మోకాళ్ళూ పొట్టకి ఆనించుకుంది.

కోతకొచ్చిన ఆడాళ్ళు ఘొల్లున నవ్వారు.

"ఏమే సంతోషం, అప్పుడే నడుం పోయిందా? ఇంకా చద్దన్నం కూడా అరగలేదు!" పక్క సాల్లోంచి జయకుమారి కేకేసింది.

"పోలేదొదినా. పోకముందే పడుకుంటున్నా."

"ఓసి నీ తెలివి తెల్లారా! రేపటి ఆకలికి ఇవాళే తిన్నట్టుందే నీ యవ్వారం!"

నవ్వితే నవ్వనీ అనుకుంది. గుంటూరు ఆసుపత్రిలో కసరత్తులు చేయించిన నర్సమ్మ మరీ మరీ చెప్పింది. "నొప్పి పిలిచాక పడుకుంటే నువ్వు దాని కూలిదానివి. పిలవకముందే పడుకో, నువ్వే ఆసామివి."

కిలో రెండ్రూపాయల బియ్యం వచ్చిన ఏడు ఆమెకి కాన్పయింది. పచ్చి బాలింత పత్తి మూటలెత్తింది. ఆనాడు పట్టిన నడుం మళ్ళీ వదల్లేదు. కూలి ముఠా మేస్త్రీ జక్రయ్య దానికి మందు చూపించాడు. సంజీవరావని, మోపెడ్ మీద చేలకే వచ్చి సూది పొడిచేవాడు. ఏం చదివాడో ఎవరికీ తెలీదుగానీ ఊరంతా డాక్టరుగారనే పిలుస్తారు. సూది పడిందంటే నడుం ఎవరిదో అయిపోయేది. మొదట్లో నొప్పికి పొడిపించుకుంది. పోను పోను, నొప్పి లేని రోజున కూడా ఆ మోపెడ్ చప్పుడు కోసం చెవులు రిక్కించేది.

ఒక మధ్యాహ్నం చంటిది పాలు తాగి నిద్రపోయింది. ఎంతకీ లేవలేదు. చెంపలు తట్టింది, నీళ్ళు చల్లింది, అరికాళ్ళు గిల్లింది. "ప్రభువా, ప్రభువా" అంటూ ఎత్తుకుని పరిగెత్తిన పరుగు గుంటూరులో గానీ ఆగలేదు. ఆ సూదిమందు మత్తే నీ పాలల్లోంచి పిల్లకెక్కిందన్నారు. పిల్ల దక్కింది. తల్లికి ఆ మందు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు. చెమటలు, ఆవలింతలు, ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఒకటే బాధ. అదీ గట్టెక్కింది. నొప్పి మాత్రం పోలేదు. పూర్తిగా పోదని కూడా వాళ్ళే చెప్పారు.

ఆ తర్వాత కోతకి రావడం ఇదే మొదలు. చంటిదాన్ని గట్టు పక్క తుమ్మచెట్టుకి ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది.

పొద్దు నెత్తికెక్కేసరికి నొప్పి రానే వచ్చింది, వెన్నులో మేకు దిగ్గొట్టినట్టు. అందరి సాళ్ళూ ఒక్క వరసలో నడుస్తుంటే ఆమె సాలొక్కటే వెనకబడింది. ముఠాలో అంతకంటే నామోషీ లేదు. జక్రయ్య గట్టు మీదనుంచి అరిచాడు.

"నీ ఒక్కదానికోసం వరస చెడగొట్టమంటావా? డాక్టరుగారొస్తున్నారు. పొడిపించుకో, లేదంటే ఇంటికి పో!"

మోపెడ్ చప్పుడు వినబడింది. నోట్లో నీళ్ళూరాయి. తన మీద తనకే అసహ్యమేసింది.

సంజీవరావు పెట్టె తెరిచాడు. స్పిరిట్ వాసన గుప్పుమంది. "రామ్మా, సగమే వేస్తాలే. సగం ఏం చేస్తది?"

సగమే కదా అనిపించింది. ఎడమ చెయ్యి రవిక అంచుని పైకి నెట్టడం మొదలెట్టింది కూడా. అంతలో కళ్ళు తుమ్మచెట్టు మీదికి పోయాయి.

ఉయ్యాల కదలడం లేదు.

నొప్పీ గిప్పీ మరిచి దూకినట్టు పరిగెత్తింది. చంటిది కళ్ళు మూసుకునుంది. ముట్టుకుందామంటే చేతులనిండా కారం. మోకాళ్ళ మీద కూలబడి మొహం మీద ఊదింది. "అమ్మా, లేమ్మా, తల్లీ..." మళ్ళీ ఊదింది. చంటిది మొహం చిట్లించి, నోరంతా తెరిచి, కెవ్వుమంది.

మామూలు నిద్రే.

సంతోషకుమారి వెనక్కొచ్చింది. రవిక అంచు కిందికి లాక్కుంది. "సగమూ వద్దు, చిటికెడూ వద్దు. పెట్టె మూసుకో."

"నొప్పితో చస్తావే పిల్లా!"

"నా నొప్పి నేను మోసుకుంటా. నీ సూదినీ, నిన్నూ కూడా మొయ్యలేను."

అందరూ చూస్తుండగా మళ్ళీ గట్టు మీద పడుకుని మోకాళ్ళు పొట్టకి లాక్కుంది.

"మొగాళ్ళ ముందు ఆ పడకేంటి? సిగ్గూ శరం లేదూ?" అన్నాడు జక్రయ్య.

పొద్దుటినుంచీ తలెత్తకుండా కోస్తున్న అంకమ్మ అప్పుడు లేచింది. సంతోషకుమారికి అత్త. గంపెడు సిగ్గున్న మనిషి. వచ్చి కోడలికడ్డంగా నిలబడి పైట రెండు చేతులా పరిచి పట్టుకుంది.

"ఎవడ్రా చూసేది? చూసిన కళ్ళల్లో పండుమిరపకాయ పిండుతా!" కోడలివైపు తల తిప్పి, "అయిందా అమ్మా? నిదానంగా కానీ."

జక్రయ్య గొణుక్కుంటూ పోయాడు. మోపెడ్ మళ్ళీ చప్పుడు చేసింది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా సంతోషకుమారి కళ్ళు తెరవలేదు.

లేచింది. కోసింది. పడుకుంది. లేచింది. ఆమె సాలు పూర్తయ్యేసరికి మిగతావాళ్ళు గోతాలు కుట్టేశారు.

"రేపు నువ్వు రానక్కర్లేదు" అన్నాడు జక్రయ్య.

"వస్తా. నేనొదిలిన సాల్లో ఒక్క పండు మిగిలితే చూపించి, అప్పుడు చెప్పు రావద్దని."

అతను సాలు వంక చూశాడు. గోతాలు లెక్కపెట్టడానికి పోయాడు.

చేతులు మజ్జిగతో రుద్ది రుద్ది కడుక్కుంది. నడుం సలుపుతూనే ఉంది. ఆకలికి చంటిది తుమ్మచెట్టు అదిరిపోయేలా ఏడుస్తోంది.

"పిల్లని ఊరుకోబెట్టవే, చెవులు చిల్లులు పడుతున్నై!" అంది జయకుమారి.

"ఏడవనీ వదినా" అంది సంతోషకుమారి, చేతులు తుడుచుకుంటూ. "బాగా ఏడవనీ."