బలానికి తక్కువైన గీత

మడమ మీద చిన్న పువ్వు వేయించుకుందామని వచ్చిన టీచరమ్మ, కుర్చీలో కూర్చోబోతూ గోడమీది ఫొటో దగ్గర ఆగిపోయింది. ఆవిడ ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు చైనా భాష చెబుతోంది. చేతిమీద కత్తి అని ఎవరు రాయించుకున్నారని మామూలుగానే అడిగింది.

పచ్చబొట్ల షాపు నడిపే ఆమె సూదులు పక్కన పెట్టి ఫొటో దగ్గరికి వచ్చింది. ఫొటోలో ఉన్న చెయ్యి ఆమె అక్కది. అది బలం అనే అక్షరమని చెప్పి తానే వేసింది.

టీచరమ్మ కాగితం మీద రెండు అక్షరాలూ పక్కపక్కన రాసి చూపించింది. అక్కాచెల్లెళ్ళంత పోలిక. బలంలో ఒక గీత అడ్డగీతను దాటి పైకి తల ఎత్తుతుంది, కత్తిలో ఎత్తదు. జపాన్‌వాళ్ళు చదివినా అంతేనట. షాపులోని డిజైన్ల పుస్తకంలో సరిగ్గానే ఉంది. చర్మం మీద అద్దడానికి అచ్చు దించేటప్పుడు, ఆ తల పొడుచుకొచ్చినట్టుందని, తీసేస్తే చూడ్డానికి ఒద్దికగా ఉంటుందని, ఆమే కత్తిరించేసింది.

అదే అచ్చుతో ఇంకో ఎనిమిది మందికి వేసింది. టీచరమ్మ చెప్పిన రోజునుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. పాత ఫోన్ నంబర్లు వెతికి ఒక్కొక్కరికీ చెప్పుకుంది. జిమ్ము కోచ్ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒక నర్సు పడీపడీ నవ్వి, తన పనికి కత్తే నప్పుతుంది, అలాగే ఉండనిమ్మంది. ఇద్దరి నంబర్లు మారిపోయాయి. అక్కకు మాత్రం చెప్పలేకపోయింది.

నడుము ఆపరేషన్ తర్వాత అక్క ఎనిమిది నెలలు మంచానికి అతుక్కుపోయింది. మొదటిసారి ఎవరి సాయం లేకుండా షాపు దాకా నడిచొచ్చిన రోజున చెయ్యి చాపి, బలం అని రాయమంది. ఇప్పుడు బేకరీలో పిండి కలుపుతుంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చొక్కా చెయ్యి పైకి మడిచి అర్థం చెబుతుంది.

చెల్లెలు బుధవారం ఆ బేకరీకి వెళ్ళి బ్రెడ్డు కొనుక్కుని వచ్చేసింది. గురువారం వెళ్ళి నడుమెలా ఉందని అడిగి వచ్చేసింది. శనివారం, పిండిబల్ల పక్కన నిలబడి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివరినుంచి మొదలుపెట్టి, మొత్తానికి చెప్పేసింది.

అక్క చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"నీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

"ఇవాళ శనివారం. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పాక నాకు చెబుతున్నావన్నమాట."

"వాళ్ళకి చెప్పడం తేలికక్కా."

అక్క ముద్దను తిరగేసి, అరచేతి మొదలుతో బల్ల అదిరేలా నొక్కడం మొదలుపెట్టింది. చెల్లెలు కాసేపు నిలబడి, పనికి అడ్డమవుతున్నానని గ్రహించి బయటికొచ్చింది.

ఆదివారమంతా ఫోన్ వంక చూస్తూనే గడిపింది. సోమవారం పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి అక్క మెట్టుమీద కూర్చుని ఉంది. పలకరింపులేమీ లేకుండా లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"ఆ తలకాయేదో పెట్టు."

చెల్లెలు మిషను ఎత్తి, మళ్ళీ దించేసింది. పదేళ్ళ అనుభవంలో అలా వెనకాడడం అదే మొదలు.

"ఆగి వెయ్యి. ఎనిమిది నెలలు పడుకున్నదాన్ని, ఇంకో పది నిమిషాలు కూర్చోలేనా?" అంది అక్క.

చిటికెన గోరంత గీత. పాత సిరా వెలిసి బూడిదరంగుకి తిరిగింది, కొత్తది నల్లగా నిగనిగలాడుతోంది. అతుకు వేశారని ఎవరికైనా తెలుస్తుంది. అక్క దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి, ఇక అడిగినవాళ్ళకు చెప్పాల్సిన కథ పెద్దదైందని విసుక్కుంది. కానీ వెళ్ళేముందు చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఉంచింది.

అక్క పనికి వెళ్ళిపోయినా చెల్లెలు కుదురుగా కూర్చోలేకపోయింది. డిజైన్ల పుస్తకం తీసింది. శాంతి, అదృష్టం, ప్రేమ, ధైర్యం. పేజీకి ఆరు అక్షరాలు, కింద ఎవరో రాసిన అర్థాలు. ఎవరు రాశారో ఆమె ఏనాడూ అడగలేదు. షాపుకు తాళం వేసి, పుస్తకం చంకన పెట్టుకుని, టీచరమ్మ బడి ఎటో కనుక్కుంటూ బయలుదేరింది.