ఆక్స్‌ఫర్డ్ చూసిన ఇకామా

ఎనిమిది డబ్బాలు ఫ్రీజర్‌లో పేర్చి, ఏ రోజుది, ఏ పూటది ఒక్కోదాని మీదా రాసి అంటించింది జ్ఞానమణి. నాలుగు రోజులకి ఎనిమిది పూటలు. సౌదీలోని యాన్బులో పదకొండేళ్ళ నర్సు ఉద్యోగంలో ఏ వార్డునీ ఇంత పకడ్బందీగా అప్పగించలేదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ అనే పాత చదువుల ఊళ్ళో నర్సుల సదస్సు. షుగరు రోగుల కాలి పుండ్ల గురించి ఆమె మాట్లాడాలి. ఖర్చంతా ఆసుపత్రిదే. ఇంటికొచ్చిన వాళ్ళతో మాత్రం భర్త వరదానం, "నేనే పంపిస్తన్నానండీ" అన్నాడు.

"సదస్సయ్యాక ఒక్కరోజు ఊరు చూసొస్తానండీ" అని ఆమె అడిగింది.

"రాళ్ళ కట్టడాలేగా, ఫోన్లో చూసుకో. ఐదో రోజు నేనేం తినాలి?"

నిజమే కదా అనుకుని ఊరుకుంది.

నితాఖత్ చట్టం వచ్చి సెల్‌ఫోన్ల దుకాణాల్లో సౌదీలే ఉండాలన్నప్పుడు వరదానం ఉద్యోగం పోయింది. అప్పట్నుంచి అతనుండేది ఆమె ఇకామా మీదే, అంటే ఆమె నివాస అనుమతి కార్డు మీదే. అతని మీద సర్కారు వేసే లెవీ ఆమె కడుతుంది. తమ్ముడి పెళ్ళికి వెళ్ళొస్తానంటే దేశం దాటి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ అనుమతి ఆమె ఫోన్లోంచే తీసింది. ఎన్నాళ్ళుంటారని కూడా అడగలేదు.

సదస్సు ముగిసింది. ఎయిర్‌పోర్టు బస్సుకి ఇంకా రెండు గంటలు. ఓ కాలేజీ గేటు దగ్గర టోపీ పెట్టుకున్న కాపలాదారుని చూడగానే, ఏళ్ళ అలవాటుకొద్దీ సంచీలోంచి కార్డు తీసి చేతిలో పెట్టింది. అతను కార్డు మీది మీసాల్ని చూశాడు, ఆమెని చూశాడు.

"ఇది మీరేనా మేడమ్?"

వరదానం ఇకామా అది. అతను పారేస్తాడని ఇంట్లో కార్డులన్నీ ఆమె సంచీలోనే ఉంటాయి. ఆమెకి నవ్వాగలేదు. కాపలాదారూ నవ్వి, "ఇక్కడ కార్డులు అడగం, టికెట్టు చాలు" అని లోపలికి పంపాడు.

కొన్ని వందల ఏళ్ళ పాదాలకి అరిగి గుంటలు పడ్డ మెట్లు. పక్కన పచ్చిక. బల్ల మీద కూర్చుని ఆ కార్డు మొదటిసారి తీరిగ్గా చదివింది. కఫీల్ అన్నచోట, అంటే ఇతనికి పూచీ ఎవరన్నచోట, తన పేరే ఉంది. ఆమె ఊ అనందే అతను దేశం దాటలేడు. తను మాత్రం ఒక్క రోజు కోసం అతన్ని అడిగింది!

ఫోన్ మోగింది.

"మణీ, నా ఇకామా ఏదే? బిర్యానీ తెచ్చుకుందామంటే దారిలో పోలీసు చెకింగు పెట్టారంట."

"నా దగ్గరుందండీ."

"అక్కడికెందుకు పట్టుకుపోయావ్? ఇప్పుడు నేను బయటికెళ్ళాలంటే ఎలా?"

ఈ ప్రశ్న ఈ గొంతులో వినడం ఆమెకి కొత్త. బాగానే ఉంది. సెలవు ఇంకా రెండు రోజులుంది, విమానం టికెట్టు మార్చుకోవచ్చు.

"నేను ఎల్లుండి వస్తానండీ."

"రేపు కదా! డబ్బాలు ఇయ్యాల్టితో సరి!"

"కుక్కర్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసి నొక్కండి. కోడిగుడ్లున్నాయి. ఉంటానండీ, ఇక్కడేదో గోపురం ఎక్కాలి. మీ కార్డుక్కూడా ఊరంతా చూపించి తీసుకొస్తాలెండి."