చెంబెడు నీళ్ళు

నాకు తొందరెక్కువ. పొయ్యి మీది అన్నం ఉడికిందో లేదో పదిసార్లు మూత తీసి చూసే రకం. నా భార్య నాగలక్ష్మమ్మది నిదానం. ఆమె మాట విని ఉంటే ఆ బెండ మొక్కలు బతికేవి.

అది ఆమె తల్లి విత్తనం. పొట్టిగా, ఎనిమిది పలకలతో, లేత రంగులో కాసే బెండ. మా అత్త పోయాక రాజంపేట దగ్గరి వాళ్ళ చేను అమ్ముడుపోయింది. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. ఏటా మొదటి కాయల్ని కోయకుండా చెట్టుకే ఎండనిచ్చి, వంటింట్లో పొగ తగిలేచోట వేలాడదీసేది నాగలక్ష్మమ్మ. రెండేళ్ళ కరువులో కాపు లేక, 2003 వేసవికి గుప్పెడు గింజలే మిగిలాయి. ఇంకో ఏడాది ఆగితే మొలవవని ఉన్నవన్నీ వేసేసింది. నలభై ఒక్క మొక్కలు వచ్చాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి లెక్కపెట్టుకునేది.

రాయచోటి వైపు బోర్లన్నీ అడుగంటిన ఏడాది అది. మా బోరు నాలుగిళ్ళ ఉమ్మడి. మూడు రోజులకోసారి వచ్చే నీటి వంతు వారానికోసారి అయింది. మొక్కలు జానెడు దగ్గరే ఆగిపోయాయి, ఆకులు పసుపు తిరిగాయి. చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు.

"వాటి జోలికి పోవద్దు," అంది నాగలక్ష్మమ్మ. "నీళ్ళు తక్కువైతే పెరగవు, అంతే. గొర్రెల ఎరువు ఏసినా గదా, పానం నిలుపుకుంటాయి. నాలుగు కాయలొస్తే శానా నాకు."

"రొంత యూరియా ఏస్తే పచ్చగా లేస్తాయి మే. సాయంత్రం మన వంతే గదా."

ఆమె అటు వెళ్ళగానే, చిటికెడు చాలిన చోట పిడికెడు వేశాను. నీళ్ళు పారాక వేయాల్సింది ముందే వేశాను. ఆ సాయంత్రం మోటారు పది నిమిషాలు తిరిగి గాలి కక్కింది. నీళ్ళు మా మడిదాకా రానే లేదు.

చెప్పక తప్పలేదు. ఆమె తిట్టలేదు. బిందె తీసుకుని ఊళ్ళోకొచ్చిన తాగునీళ్ళ ట్యాంకరు దగ్గరికి పరిగెత్తింది. మా ఇద్దరి వాటా నాలుగు బిందెలు. ఇంట్లోకి చుక్క ఉంచుకోకుండా, ఒక్కో మొక్కకు చెంబెడు పోసింది.

మూడోనాటికి ఆకుల అంచులు మాడాయి. వారం తిరక్కుండా నలభై ఒకటీ ఎండిపోయాయి.

ఒక మొక్క పెరుక్కుని రాయచోటిలో వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వేరు చూసి, జరిగిందంతా అడిగాడు.

"పొడి మట్టిలో ఉన్నంతసేపు యూరియాను గీకి తీసేసుకోవచ్చప్పా. లేదంటే మడి నిండా నీళ్ళు పారించాల. చెంబెడు పోస్తే అదంతా కరిగి వేర్ల కాడే నిలిచింది. ఆ నీళ్ళే చంపినాయి."

బస్సులో కూర్చుని ఏడ్చాను. పక్కన జనం ఉన్నారన్న సిగ్గు కూడా కలగలేదు.

ఇంటికొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. "ఆయప్ప ఏమన్న్యాడు? నేనింకో చెంబు పోసింటే బతికేవా?"

"లేదు. నా యూరియానే చంపిందంట. నువ్వు పోసిన నీళ్ళతోనే ఆ నాలుగు దినాలన్నా నిలబడినాయంట."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మాయమ్మ విత్తనాన్ని నేనైతే చంపల్యా. అది చాలు."

ఆ తర్వాత నెల రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. ఆ అధికారి అన్న అసలు మాట నేనూ ఏనాడూ చెప్పలేదు.