చివరి కాలి మొదట్లో

వెంకటరామయ్యకు ధర్మవరంలో మందుల అంగడి. బుక్కపట్నం చెరువు పక్కన రెండువేల నాలుగులో రొయ్యల గుంట తవ్వించాడు. ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వని మనిషి. గట్టు మీద కుర్చీ వేసుకొని, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు.

కూలికి పెట్టుకున్న పుల్లన్న మోకాటిలోతు నీళ్ళలో నిలబడి రొయ్యపిల్లల్ని ఒక్కొక్కటే వెల్లకిలా తిప్పి చూస్తున్నాడు. మగవి బాగా పెరుగుతాయి కాబట్టి అవి గుంటలోకి, ఆడవి చెరువులోకి పోవాలి.

“ఏమబ్బా, మగదని ఎట్ల కనుక్కుంటాండావు?”

“చివరి కాలి మొదట్లో బుడిపె ఉంటాది సామీ. ఆడదానికి ఉండదు. ఆ బుడిపె కాడనే లోపల ఏదో రసం ఊరి దీన్ని మగదాన్ని చేస్తాదంట. మన ఇన్సులిన్‌కు చుట్టమంట అది. చేపల ఆఫీసరు చెప్పినాడు.”

వెంకటరామయ్య పగలబడి నవ్వాడు. “నా ఫ్రిజ్జు నిండా అదే కదప్పా!”

పుల్లన్న నవ్వలేదు. పోయిన ఎండాకాలం చక్కెర జబ్బున్న పెళ్ళాం హనుమక్కకు ఇన్సులిన్ సీసా తెచ్చింది ఆ ఫ్రిజ్జులోంచే. అప్పటికి రెండు రోజులుగా కరెంటు లేదు. సీసా చేతికి వెచ్చగా తగిలింది. వెచ్చబడితే మందు చెడుతుందని అప్పుడు తెలియలేదు. తొమ్మిది రోజులు సూదులు వేశాడు. పదోరోజు ఆమె లేవలేదు. డాక్టరు సీసాను వెలుగులో పట్టి చూసి, మందు వేడికి చెడిపోయిందన్నాడు. అడగబోతే వెంకటరామయ్య నలుగురి ముందర ఒకటే మాట అన్నాడు. “మందు మంచిదేనబ్బా. మీ ఆమె ఒంట్లోనే లోపం.”

పుల్లన్న చేతిలోని పిల్లను మళ్ళీ తిప్పాడు. బుడిపె ఉంది. దాన్ని చెరువుకు పోయే కుండలో వేశాడు. బుడిపె లేనిది గుంటలోకి వదిలాడు. మూడు రోజులూ అంతే. గట్టు మీది మనిషి ఒక్కసారి కూడా దిగి రాలేదు, ఒక్క పిల్లనూ ముట్టి చూడలేదు.

ఐదు నెలలకు వల లాగారు. అన్నీ చిన్నవే, ఒక్కదానికీ బుడిపె లేదు, అన్నీ ఆడవే. కొనడానికి వచ్చినాయన విరగబడి నవ్వాడు.

“సామీ, ఇది గుంటనా, ఆడపిల్లల హాస్టలా?”

వెంకటరామయ్య రుమాలు జారిపోయింది. “ఏం సరుకురా ఇది, పుల్లన్నా?”

పుల్లన్న ఒక రొయ్యను ఆయన ముఖానికి దగ్గరగా తెచ్చి వెల్లకిలా తిప్పాడు.

“సరుకు మంచిదే సామీ. మీ గుంటలోనే లోపం.”

వెంకటరామయ్య జారిన రుమాలు ఏరుకున్నాడు. ఆ మాట ఎవరిదో గుర్తొచ్చినట్టుంది, వెనక్కి చూడకుండా గట్టు దిగిపోయాడు.

ఆ వారమంతా చెరువులో ఎవరు వల వేసినా నీలిరంగు పొడవాటి చేతుల పోతురొయ్యలు పడ్డాయి. పుల్లన్న రెండు తెచ్చుకొని, హనుమక్క వండినట్టే ఎర్రగడ్డలు ఎక్కువేసి వండుకున్నాడు. ముద్ద చల్లారక ముందే కంచం ఖాళీ చేశాడు.